అత్తగారి కుట్టుమిషన్‌కి కొత్త పళ్ళచక్రం

పళ్ళచక్రాల వర్క్‌షాపులో ఆమెను అందరూ డ్రాయింగమ్మ అంటారు. కంప్యూటర్లో చక్రం గీయడం ఆమె పని. ఆ గీత ప్రకారం, కంప్యూటర్‌తో నడిచే సిఎన్‌సి మెషిన్ మీద లోహం కోయడం ఆమె మొగుడి పని. చక్రం బాగా వస్తే మొగుడి గొప్ప, చెడితే పెళ్ళాం తప్పు. ఆదర్శ దాంపత్యమంటే ఇదేనని వర్క్‌షాపంతా ఒప్పుకుంది.

ఇంట్లో అత్తగారి పాత కుట్టుమిషన్ లోపలి చక్రానికి పళ్ళు రాలిపోయాయి. అలాంటిది ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు.

"శనివారం తుక్కువాడికి ఇచ్చేస్తా, పీడా పోతుంది!" అందావిడ. అన్నప్పటినుంచీ సణగడం మానేసింది. సణుగుడు లేని ఇంట్లో కోడలికి ఏమీ తోచలేదు. చక్రం తనే చేయిస్తానంది.

చిక్కంతా పంటి వంపు దగ్గరే. తెరమీద అది జారుడుబల్లలా నున్నగా ఉంటుంది. వాళ్ళ పాత సిఎన్‌సి మెషిన్‌కి మాత్రం తిన్నటి గీత, వృత్తం ముక్క, ఈ రెండే అర్థమవుతాయి. తొందరలో ఆమె వంపును పొడుగాటి గీతలుగా విరిచేసింది. కోశాక కంటికి బాగానే ఉంది. గోరు పెట్టి రాస్తే అన్నీ మెట్లే. కుట్టుమిషన్‌లో బిగిస్తే మిక్సీలో రాళ్ళు వేసినట్టు గరగర.

"దీనికంటే నా విరిగిందే నయం," అంది అత్తగారు.

పంతం కొద్దీ ఈసారి కోడలు గీతల్ని మరీ పొడిపొడిగా నరికింది. అన్ని వేల ముక్కలు చదవలేక సిఎన్‌సికి ఎక్కిళ్ళు పట్టాయి.

"నీ గీతలు పూర్తయ్యేసరికి నేను రిటైరైపోతాను," అన్నాడు మొగుడు.

"మీరు చేసేదేముంది, మీట నొక్కడమేగా!"

"ఆ మీట నొక్కబట్టేగా నీ నిర్వాకం బయటపడింది!"

మూడోసారి తిన్నటి గీతల జోలికే పోలేదు. వంపంతా వృత్తం ముక్కలతో కట్టుకొచ్చింది. ఒక ముక్క ఎటు చూస్తూ ఆగిందో రెండోది అటే చూస్తూ మొదలవ్వాలి. అతుకు దగ్గర కాస్త మొన తేలినా చెరిపి మళ్ళీ మొదలు. అసలు వంపు మీద తన వంపు పరిచి, రెంటికీ మధ్య వెంట్రుక దూరే సందు కూడా లేదని తేలాకే మొగుడికిచ్చింది. శుక్రవారం సాయంత్రం ఇత్తడి చక్రం చేతికొచ్చింది. గోరు ఎక్కడా తట్టలేదు.

ఇంట్లో బిగించారు. అత్తగారు ముఖం అటు తిప్పుకునే పెడల్ తొక్కింది. గరగర లేదు, కిరకిర లేదు.

"ఇది నడుస్తోందా, నిద్రపోతోందా?"

"గుడ్డ పెట్టి చూడండి అత్తయ్యా."

ఆవిడ మంచం కింది పెట్టె బయటికి లాగింది. మిషన్‌ని తుక్కుకిస్తానన్న మనిషి వీధివాళ్ళు కుట్టమని ఇచ్చిన బట్టలు ఒక్కటీ తిరిగివ్వలేదు. అన్నీ కత్తిరించి, పిన్నులు గుచ్చి, సిద్ధంగా పెట్టుకుంది.

"అలా గుడ్లప్పగించి చూస్తారేం? ఒకరు లైటు వెయ్యండి, ఒకరు దారం ఎక్కించండి. అన్నీ నేనే చెప్పాలి ఈ ఇంట్లో!"

సణుగుడు మొదలైంది. డ్రాయింగమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది.