డబ్బా మూత మోగకుండా

మొన్న కొత్త కారు తీసుకున్నాను. అప్పగించే ముందు షోరూం ఉద్యోగి పక్కన కూర్చుని గేరు పక్కనున్న ఒక మీట నొక్కమన్నాడు. నొక్కగానే ఎదురుగా ఆకుపచ్చ దీపం వెలిగింది. ఇంజను గొంతు ఒక మెట్టు దిగింది. “ఇది ఎకో మోడ్ సార్. దీన్లో ఎట్టి ఒగ్గేత్తే పొదుపంతా అదే సూసుకుంటాది,” అన్నాడు. ఆ దిగిన గొంతు నాకు తెలుసు. ఏ మీటా లేని ఒక పాత డీజిల్ వ్యానులో, ఒక మనిషి కాలి కింద రోజూ విన్నదే. కారు దిగి కాసేపు బయట నిలబడ్డాను.

ఆయన పేరు సింహాచలం. పలాసలో నేను గుమాస్తాగా చేరిన జీడిపప్పు ఫ్యాక్టరీలో డ్రైవరు. పప్పు డబ్బాలను స్టేషనుకు చేర్చడం, జీడి పిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్లను ఉద్దానం ఊళ్ల నుంచి తెచ్చి మళ్లీ దింపడం ఆయన పని. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. మావా అని పిలిచేవాణ్ణి. వ్యానులో డీజిల్ ముల్లు ఎప్పుడో చెడిపోయింది. టాంకులో కొబ్బరి ఈనె ముంచి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, ఎంత దూరం వెళ్తామో చెప్పేవాడు. సీటు వెనక ఒక ఖాళీ పప్పు డబ్బా, దాని మీద వదులుగా మూత ఉండేవి. బండి కుదిపి లాగినా, బ్రేకు గట్టిగా వేసినా మూత మోగుతుంది. మోగితే డీజిల్ వృథా అయినట్టే ఆయనకు. మిగతా డ్రైవర్లు నవ్వేవాళ్లు. “సింహాచలం బండి డీజిలు తాగదర్రా, వాసన సూసి ఎలిపోతాది.” నేనూ నవ్వేవాణ్ణి. పిసినారితనం అనుకునేవాణ్ణి.

తొంభైల చివర్లో ఒక ఏడాది పెద్ద తుపాను వచ్చింది. కొబ్బరి చెట్లు వరుసలకు వరుసలు పడిపోయాయి. బస్సులు లేవు, బంకుల్లో డీజిల్ లేదు. నాలుగో రోజు దారి కాస్త తెరిచాక, మావ నన్ను వ్యానులో సముద్రం దగ్గరున్న మా ఊరికి తీసుకెళ్లాడు. మేం వెళ్లేసరికి అమ్మ పెరట్లో పడిన మట్టలు ఏరుతోంది. నేను ఇంకా మంచినీళ్లు తాగుతున్నాను, మట్టల కింద నుంచి పాము అమ్మను కరిచింది. పాము కాటుకు మందు దొరికేది టెక్కలి ఆసుపత్రిలో. ముప్పై కిలోమీటర్ల పైన దారి. అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి తల ఒళ్లో పెట్టుకున్నాను. మావ ఈనె ముంచి చూశాడు. ఎంత దూరం వెళ్తామో ఈసారి చెప్పలేదు. దాన్ని జేబులో పెట్టుకుని ఎక్కాడు.

బండిని ఆ రోజు కూడా రోజూ నడిపినట్టే నడిపాడు. నేను నమ్మలేకపోయాను. ఖాళీ రోడ్డు మీద కూడా అదే నడక. డబ్బా మూత ఒక్కసారి మోగలేదు. అది మోగకపోవడం నాకు భరించరానిదైంది.

“మావా, తొక్కు.”

“ఎల్తన్నాం కదా.”

అమ్మ కనురెప్పలు వాలిపోతున్నాయి. పూండి దగ్గర రైలు గేటు పడింది. మావ ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో అమ్మ ఊపిరి ఆగి ఆగి రావడం వినిపించింది. ఆ పాత బండి మళ్లీ అందుకుంటుందని ఏమిటి నమ్మకం?

“ఎందుకు ఆపావు? మా అమ్మ కన్నా నీకు డీజిలెక్కువా?”

ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. “అమ్మతో మాటాడతండు బావూ. నిద్దర పోనీకు,” అన్నాడు. గూడ్సు బండి వెళ్లింది. గేటు లేచాక ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

టెక్కలిలో మందు ఎక్కించారు. సాయంత్రానికి ప్రాణానికి భయం లేదన్నారు. నేను మాత్రం పోట్లాడదామనే బయటికి వచ్చాను. వ్యాను మమ్మల్ని దింపిన చోటే, దారికి అడ్డంగా ఉంది. పక్కకు తీయబోతే స్టార్టు కాలేదట. మావ జేబులోంచి ఈనె తీసి టాంకులో ముంచి నా చేతికిచ్చాడు. పొడిగా ఉంది.

“నువ్వు సెప్పినట్టు తొక్కుంటే హైవే ఎక్కేతలికే డీజిలైపోయీది. అంతే.”

“ముందే చెప్పొచ్చు కదా మావా?”

“సెప్తే నువ్వు బయపడతావు. మీయమ్మ నీ మొగం సూత్తాది.”



తరువాత నేనే అడిగి ఆయన దగ్గర బండి నేర్చుకున్నాను. మొదటి రోజు మూత ఆగకుండా మోగింది. “ఏటి బావూ, పెళ్లికెల్తన్నామేటి? మేళం ఎట్టించీసినావు?” అన్నాడు. కాలు గురించి ఆయన పెద్దగా చెప్పలేదు. కళ్ల గురించే చెప్పాడు. “దూరం సూడు. ముందరున్న బస్సు ఆగతాదని తెలుత్తంది కదా, ఇంకా తొక్కుడెందుకు? ఇక్కడ తొక్కీసి అక్కడ బ్రేకెయ్యడానికా?” పల్లం వస్తే న్యూట్రల్‌లో వదిలేసే అలవాటు చాలామందికి ఉండేది. ఆయన వదలనిచ్చేవాడు కాదు. గేరులో ఉంటేనే బండి మన మాట వింటుందనేవాడు. నెల తిరిగేసరికి మూత మోగడం తగ్గింది.

రెండు వేల సంవత్సరం తరువాత, ఉద్దానంలో ఎన్నో ఇళ్లకు వచ్చిన కిడ్నీ జబ్బు ఆయనకూ వచ్చింది. ఇంజనులో చిన్న తేడా వస్తే చెప్పగలిగిన మనిషి తన ఒంట్లో తేడాను ఆలస్యంగా గుర్తించాడు. డయాలసిస్‌కు అప్పట్లో విశాఖపట్నం వెళ్లాలి. నా దగ్గర పాత కారు ఉండేది. వారానికి రెండుసార్లు నేనే తీసుకెళ్లేవాణ్ణి. మొదటి రోజే ఆయన డబ్బా తెచ్చి వెనక పెట్టాడు. ముందు సీట్లో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. మూత మోగితే కళ్లు తెరవకుండానే నవ్వేవాడు.

కొన్నాళ్లకు ఒక రోజు, “డాట్రు వారానికి ఓపాలి సాలన్నాడు బావూ. ఇక రెండుపాల్లు అక్కర్నేదు,” అన్నాడు. నయమవుతోందనుకున్నాను. నాకు ఒక రోజు మిగిలిందని కూడా అనుకున్నాను. ఆ మాట రాయకుండా ఉండలేను. నాలుగు నెలలకు ఆయన చనిపోయాడు.

పదో రోజు వెళ్తే ఆయన భార్య పైడమ్మత్త ఆసుపత్రి కాగితాలు నా ముందు పెట్టింది. వాటిలో దేనికైనా పని ఉందేమో చూడమంది. పై చీటీలోనే ఉంది. వారానికి రెండుసార్లు, తప్పనిసరిగా. రెండుసార్లు చదివాను.

“ఒకసారి చాలని డాక్టరు అనలేదా అత్తా?”

“ఆయనెందుకంటాడు నాయనా? మీ మావే మానీసినాడు. ఆ బావు బండి ఊరికే తిప్పడమెందుకు, ఓపాలితో నెట్టుకొచ్చీగలననీవోడు. నీకు సెప్పొద్దన్నాడు.”

టెక్కలిలో నా చేతికి ఈనె ఇచ్చిన రోజు కూడా ఆయన ముందు చెప్పలేదు. ఆ చెప్పకపోవడం చూసే నేను ఆయన్ని గౌరవించాను. రెండోసారి కూడా చెప్పడేమో అన్న అనుమానం నాకు రాలేదు. ఆ ఒక్క కాగితం చూపించమని అడిగి ఉంటే సరిపోయేది.

డబ్బా ఇప్పుడు కొత్త కారు వెనక ఉంది. మూత మోగదు. ఆకుపచ్చ దీపం ఉన్నా లేకపోయినా నా కాలు ఆయన చెప్పినట్టే పనిచేస్తుంది. మా ఊరి నుంచి ఎవరినైనా డయాలసిస్‌కు తీసుకెళ్లవలసి వస్తే మాత్రం, వారానికి ఎన్నిసార్లని వాళ్లను అడగను. ముందు చీటీ చూపించమంటాను. చూశాకే బండి తీస్తాను.