రోసమ్మ వంతు

కార్ఖానా బస్తీలో ఉండే రోసమ్మ టీచరు తన మొగుణ్ణి మూడేళ్లుగా కంప్యూటర్లో పెట్టి తాళం వేసింది. ఒక కంప్యూటర్ కాదు, రెండు. ఒకదాని కడుపులో ఇంకొకటి. రోజూ సాయంత్రం ఐదింటికి తాళం తీసి, ఆయన్ను కాసేపు చూసి, మళ్లీ నిద్రపుచ్చి, తాళం వేసి, అప్పుడు లేచి బియ్యం కడుక్కునేది. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

సరే, మొగుణ్ణి మొత్తంగా అంటే కొంచెం ఎక్కువవుతుంది. ఎరిక్ మనిషి మటుకు సమాధుల తోటలో, ప్రహరీ పక్కన మూడో వరుసలో పడుకుని ఉన్నాడు. కంప్యూటర్లో ఉన్నది ఆయన సగంలో వదిలి వెళ్లిన చదరంగం ఆట. అయితే రోసమ్మ దృష్టిలో ఆ రెంటికీ పెద్ద తేడా లేదు గనక, మొదటి మాటను పూర్తిగా వెనక్కి తీసుకోవలసిన పనిలేదు.

ఎరిక్ గూడ్సు గార్డు. ఆఖరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని, ఎర్రజెండా, పచ్చజెండా, ఈల పెట్టుకుని దేశం తిరిగేవాడు. మౌలాలి రైల్వే క్వార్టర్లో కాపురం. రోసమ్మ బడిలో లెక్కలు చెప్పేది. ఆమె బడి నుంచి వచ్చేసరికి ఆయన డ్యూటీకి పోయేవాడు. ఆయన వచ్చేసరికి ఆమె బడికి పోయేది. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి కూర్చుని భోంచేసిన రోజులను లెక్కలు చెప్పే మనిషే లెక్కపెట్టలేదు. వచ్చే జవాబు ఆమెకు ముందే తెలుసు.

అందుకే చదరంగం. ఇంట్లో ఉన్నవాళ్లు ఒక ఎత్తు వేసి వెళ్లాలి. రెండోవాళ్లు వచ్చాక తమ ఎత్తు వేయాలి. ఎరిక్ తన ఎత్తు వేయగానే పచ్చజెండాను విప్పి కంప్యూటర్ తెర పక్కన నిలబెట్టేవాడు: నీ వంతు, బండి కదిలించు అని. రోసమ్మ ఎత్తు వేశాక జెండా చుట్టేసేది. ఒక్కో ఆట వానాకాలమంతా సాగేది. ఒకసారి ఒక గుర్రాన్ని చంపడానికి క్రిస్మస్ నుంచి ఈస్టర్ దాకా పట్టిందంటే నమ్మాలి మరి.

ఆ ఆట వాళ్ల పాత కంప్యూటర్‌తో వచ్చింది. కొత్త కంప్యూటర్ కొన్నాక అందులో ఆడనని మొండికేసింది. ఎరిక్‌తో పనిచేసే హేమచంద్ర వచ్చి ఒక ఉపాయం చేశాడు. కొత్త కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ వేశాడు. అది అచ్చం పాత కంప్యూటర్‌లాగా నటిస్తుంది. పాత సరుకంతా అందులో సుఖంగా బతుకుతుంది. పని అయిపోయాక దాన్ని ఆపనక్కర్లేదు, ఉన్నపళంగా నిద్రపుచ్చవచ్చు. లేపితే ఎక్కడ ఆగిందో అక్కడే కళ్లు తెరుస్తుంది. ఎరిక్‌కు అది తెగ నచ్చింది. ఆట ఎప్పుడూ సేవ్ చేసేవాడు కాదు. సిగ్నల్ దగ్గర బండి ఆపినట్టు మొత్తం యంత్రాన్నే ఆపేసేవాడు.

తాళం సంగతి తరవాత వచ్చింది. ఎదురు క్వార్టర్ కాంతమణి ఒకనాడు పలకరించడానికి వచ్చి, దుమ్ము పట్టిందని కొంగుతో కీబోర్డు తుడిచింది. ఆ తుడుపుకు ఎరిక్ ఏనుగు చచ్చిపోయింది. నాలుగు నెలల ఆట. ఎరిక్ అన్నం మానేసినంత పనిచేసి, హేమచంద్రను మళ్లీ పిలిపించి, లోపలి యంత్రానికి గట్టి తాళం వేయించాడు. దాన్ని తెరిచే మాట మొగుడికీ పెళ్లానికీ తప్ప ఎవరికీ తెలియదు.

మూడేళ్ల కిందట ఎరిక్ ఒక ఎత్తు వేసి, జెండా నిలబెట్టి, డ్యూటీకి పోయాడు. ఆ డ్యూటీ నుంచి ఇంటికి రాలేదు. ఆఖరి పెట్టెలో, కూర్చున్న కుర్చీలోనే గుండె ఆగింది. తరవాతి స్టేషన్ దాకా ఎవరికీ తెలియలేదు.

క్వార్టర్ ఖాళీ చేసి రోసమ్మ కార్ఖానాలో రెండు గదుల ఇంటికి మారింది. మౌలాలిలో ఎప్పుడూ ఏదో ఒక బండి కూసేది. ఇక్కడ కూత వినిపించదు. బడి నుంచి రిటైరయ్యాక మాట్లాడేవాళ్లు కూడా తగ్గారు. కొన్ని రోజులైతే ఆమె గొంతు వాడేది రెండే సార్లు, పాలవాడితో ఒకసారి, ప్రార్థనలో ఒకసారి. ఐదింటికి మాత్రం కంప్యూటర్ ముందు కూర్చునేది. వంతు ఆమెది. ఆమె ఎత్తు వేయలేదు. వేస్తే వంతు ఆయనదవుతుంది, ఆయన రాడు. వేయనంత కాలం ఆలస్యం తనదే. పాపం, కాచుకుని ఉన్నది ఆయన. ఈ లెక్క ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. ఆ నటించే సాఫ్ట్‌వేర్‌లో కొత్తది సిద్ధంగా ఉంది, దయచేసి వేసుకోండి అన్నది. కాన్వెంటులో నన్‌ల దగ్గర చదువుకున్న రోసమ్మ, దయచేసి అని అడిగినవాళ్లను పుట్టి బుద్ధెరిగాక కాదనలేదు. సరే నొక్కింది. నొక్కి, మర్యాద దక్కించుకుని, ఆట పోగొట్టుకుంది.

లోపలి యంత్రం లేవలేదు. మాట అడగనైనా అడగలేదు. దీన్ని తెరవడం నాకు చేతకాదు అని ఇంగ్లిషులో రెండు వరుసలు పడ్డాయి. రోసమ్మ ఆ రెండు వరుసలను బైబిలు చదివినంత శ్రద్ధగా తొమ్మిది రోజులు, రోజూ ఐదింటికి చదివింది. పదో రోజు కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, ఆటోలో పెట్టుకుని, తిరుమల్ దుకాణానికి పోయింది.

తిరుమల్‌కు నలభై దాటాయి. కార్ఖానా మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ రిపేరు దుకాణం. ఏడో తరగతిలో రోసమ్మ దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు, నేర్చుకున్నంత. ఆమెను చూడగానే చేతిలో చాయ్ కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

“నమస్తే టీచర్. ఏంది, పాపనెత్తుకొచ్చినట్టు తెచ్చిండ్రు?”

“ఎత్తుకురాక ఈడ్చుకొస్తారా? ముందు చూడు, తరవాత మాట్లాడు.”

అరగంట చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

“జెర తక్లీఫ్ ఉంది టీచర్. మీరు పాత దాంట్ల నిద్రపుచ్చిండ్రు, గిదేమో కొత్తది. పాత నిద్ర దీనికి సమఝ్ అయితలేదు. పైంగ లాక్ ఒకటి. ఏం పరేషాన్ కాకుండ్రి. ఆ నిద్ర తీసి పారేస్తా. లాక్ తీసి ఫ్రెష్‌గ షురూ చేస్తే మీ ఫైళ్లన్నీ మంచిగుంటయ్.”

“ఫైళ్లు నాకెందుకు? నిద్రలోనే ఉంది ఆట.”

“గంతేనా? ఆటనే కదా టీచర్. కొత్తది పెట్టుకుందురు.”

రోసమ్మ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుంది. ఏడో తరగతి ‘సి’ సెక్షన్‌లో ఆ పని జరిగితే ముందు బెంచీవాళ్లు వెనక్కి జరిగేవాళ్లు.

“ఒరేయ్ తిరుమల్, నేను నిన్ను కొత్తది అడిగానా?”

“లేదు టీచర్.”

“మరి?”

“పాత సాఫ్ట్‌వేరే మళ్ల వేద్దాం టీచర్.”

వేశాడు. అది వెతికి పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. రోసమ్మ రెండు రోజులూ దుకాణంలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. తిరుమల్ ఒక్క చాయ్ కూడా సుఖంగా తాగలేదు. పాతది వేశాక నొక్కితే మళ్లీ అవే రెండు వరుసలు.

“ఇగ నాతోని కాదు టీచర్,” అని చేతులెత్తేశాడు. “పాతదే వేసిన. లాక్ తీసే ముక్క వేరేగ వస్తది, గది సుత ఉంది. అయినా తీస్తలేదు.”

“ఆ ముక్క ఎప్పటిది?”

“అంటే?”

“దానికీ ఓ నంబరు ఉంటుందా? ఉంటే చదువు.”

తిరుమల్ రెండు నంబర్లూ చదివాడు. సాఫ్ట్‌వేర్‌ది పాత నంబరు. తాళం తీసే ముక్కది కొత్త నంబరు. ఆమె మర్యాదకు సరే నొక్కిన నాడు దిగింది, అలాగే ఉండిపోయింది.

రోసమ్మ స్టూలు మీంచి లేచింది. పెళ్లయిన కొత్తలో ఎరిక్ ఒకసారి ఆమెను ఒంటి లైను మీద ఒక చిన్న స్టేషన్‌కు తీసుకుపోయి చూపించాడు. అక్కడ ఒక యంత్రంలోంచి తీసి డ్రైవరు చేతికి ఒక ఇనుప బంతి ఇస్తారు. దాని పేరు టోకెన్. ఆ బంతి చేతిలో ఉంటేనే బండి ముందుకు కదలాలి. బంతి మీద సెక్షన్ పేరు, అంటే ఏ రెండు స్టేషన్ల మధ్య దారిదో, చెక్కి ఉంటుంది. పక్క సెక్షన్ బంతి తెచ్చి ఈ యంత్రంలో వేస్తే పట్టదు, ఎంత బతిమాలినా పట్టదు. చూశావా రోసీ, బంతీ మంచిదే, యంత్రమూ మంచిదే, రెండూ ఒక చోటివి కావు, అంతే అన్నాడు ఆనాడు. పెళ్లాన్ని షికారుకు తీసుకుపోయి చూపించిన వింత అది. అప్పట్లో ఆమెకు ఒళ్లు మండింది.

“ఒక సెక్షన్ టోకెన్‌తో ఇంకో సెక్షన్‌లోకి బండి ఎలా పోతుందిరా?” అంది.

“హా?”

“ఆ ముక్క తీసెయ్. సాఫ్ట్‌వేర్‌ది ఏ నంబరో సరిగ్గా అదే నంబరు ముక్క వెయ్. ఒక్క అంకె అటూ ఇటూ కాకూడదు.”

ఇంకో గంట పట్టింది. ఈసారి నొక్కగానే తెర మీద ఖాళీ గీత వచ్చింది, మాట చెప్పమని. తిరుమల్ అడక్కుండానే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. రోసమ్మ రెండు వేళ్లతో నెమ్మదిగా కొట్టింది.

బల్ల తెరుచుకుంది. తెల్లవి ఆమెవి, నల్లవి ఆయనవి. ఒక్క బంటు కూడా చెక్కుచెదరలేదు.

రోసమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. తరవాత ఆమె కనుబొమలు దగ్గరికొచ్చాయి. మూడేళ్లుగా రోజూ ఆ బల్లను ఫోటో చూసినట్టు చూసిందే గానీ ఆట చూసినట్టు చూడలేదు. పన్నెండు రోజుల ఎడబాటు తరవాత ఇప్పుడు చూసింది. ఎరిక్ నల్లమంత్రిని తెచ్చి సరిగ్గా ఆమె ఏనుగు నోట్లో పెట్టి పోయాడు. పొరపాటు కాదు. గార్డుకు అలాంటి పొరపాటు రాదు. అంతకు ముందు వరసగా నాలుగు ఆటలు ఓడి ఆమె మాట్లాడ్డం మానేసింది. ఇది ఆయన రాజీ.

“దయ చూపిస్తాడట నాకు,” అంది రోసమ్మ.

“ఎవరు టీచర్?”

రోసమ్మ మౌస్ పట్టుకుంది. మూడేళ్లకు ఎత్తు వేసింది. మంత్రిని ముట్టుకోలేదు. ఓ మూలనున్న బంటును ఒక్క గడి ముందుకు జరిపింది.

“అయ్యో! మంత్రి ఫ్రీగ వస్తుంటే బంటు జరిపిండ్రేంది టీచర్?”

“నీకు చదరంగం వచ్చా?”

“కొంచెం వచ్చు.”

“అయితే కొంచెం నోరు మూసుకో.”

యంత్రాన్ని నిద్రపుచ్చి, దుప్పటి చుట్టింది. గుమ్మం దగ్గర తిరుమల్ ఉండబట్టలేక అడిగాడు.

“మరి ఇప్పుడు అవతలోళ్ల వంతు కదా టీచర్. ఎవరాడతరు?”

“ఆయన వంతు. కంగారేం లేదు. ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు.”

ఇంటికి వచ్చి కంప్యూటర్‌ను దాని చోట పెట్టి, మూడేళ్లుగా విచ్చుకుని నిలబడ్డ పచ్చజెండాను దులిపి, చుట్టి, పక్కన పెట్టింది. తెర అంచున ఒక కాగితం అంటించింది: ఎంత దయచేసి అన్నా సరే, ఒప్పుకోకూడదు. తరవాత లేచి బియ్యం కడగబోయింది. ఇద్దరికి సరిపడా పోసి, సగం తిరిగి డబ్బాలో వేసింది.

మర్నాడు పొద్దున చూసేసరికి జెండా విప్పుకుని ఉందనీ, నల్లమంత్రి వెనక్కి తగ్గి సిగ్గుపడుతున్నట్టు నిలబడి ఉందనీ కార్ఖానాలో ఒక మాట తిరిగింది. మంత్రి సంగతి వట్టిది కావచ్చు. జెండా సంగతి నిజం. ఫ్యాను గాలికి కూడా అలా విప్పుకోవచ్చు.

ఈ కథ ఆ నోటా ఈ నోటా కాంతమణి దాకా పోయింది. ఆదివారం సాయంత్రం ఆరాధన అయ్యాక ఆమె మెట్ల దగ్గర రోసమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఏంటి వదినా, నిజమేనా? అన్నయ్య ఇంకా ఆడుతున్నాడట కదా!”

రోసమ్మ చెయ్యి విడిపించుకుని గొడుగు విప్పింది.

“ఏ పనిలేనివాడు చెప్పాడు నీకు? ఎరిక్‌కు గుర్రానికీ గాడిదకీ తేడా తెలీదు. మా ఇంట్లో చదరంగం లేదు, జెండా లేదు. కంప్యూటర్ ఎప్పుడో అమ్మేశాను. తిరుమల్ అంటావా, వాడెవడో నాకు తెలియనే తెలియదు. జరుగు, ఐదవుతోంది, నేను ఇంటికి పోవాలి.”