చిన్నాయన కట్టిన కుంచె

కొత్తగా ఏదైనా నేర్చుకున్న మనిషి ఇంట్లోవాళ్లను బతకనివ్వదు. డ్రాయింగ్ కోర్సు పూర్తిచేసి ఊరికి తిరిగొచ్చిన ఆ రోజుల్లో నా సంగతి అచ్చంగా అదే. నేను బొమ్మలు గీసింది తక్కువ, కుంచెలు కడిగింది ఎక్కువ. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్న నియమాలన్నీ ఇంటిల్లిపాదికీ వినిపించేదాన్ని (వాళ్లలో ఒక్కరికీ కుంచెతో పనిలేదన్నది వేరే విషయం). రంగు ఎండకముందే కడగాలి. నీళ్ల గ్లాసులో తలకిందులుగా వదిలేస్తే మొన వంగిపోతుంది. అరచేతిలో సబ్బు వేసుకుని, నురగ తెల్లగా వచ్చేదాకా మెల్లగా రుద్దాలి. మొనను వేళ్లతో సర్ది, పడుకోబెట్టి ఆరబెట్టాలి. మా నాయనమ్మ వాకిట్లో కూర్చుని ఇదంతా చూసి, వచ్చేపోయేవాళ్లతో చెప్పేది: "మా మనుమరాలు తలకు పోసుకోనీకి బద్దకిస్తది గానీ, గా పుల్లలకు మాత్రం రోజూ తానం చేపిస్తది."

మాది నిడమనూరు దగ్గరి పల్లె. కొంచెం పొలం, ఒక గొర్ల మంద. నేను డ్రాయింగ్ టీచర్ని కావాలనుకున్నాను. నాయన మాత్రం మిర్యాలగూడ రైస్‌మిల్లులో కంప్యూటర్ ముందు కూర్చునే పని మాట్లాడిపెట్టాడు. ఇద్దరం చాలా వాదించుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడివాళ్లు సోమవారం వచ్చి పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. అక్కడ ఉద్యోగం వస్తే నా ఇష్టం, రాకపోతే ఒకటో తారీకు నుంచి మిల్లు. ఊక దుమ్ము తలుచుకుంటేనే నాకు గొంతు పట్టేసేది. అందుకని పాఠానికి ఎంచుకున్న నెమలి బొమ్మను పట్టుకుని వదల్లేదు. ఈకల సన్నగీతలు చూసి హెడ్‌మిస్ట్రెస్ కళ్లు తిరగాలన్నది నా పథకం.

ఆదివారం మా ఇంట్లో గొర్ల బొచ్చు కత్తిరించే పని పడింది. ఆ పనికి మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, పెట్టింది పేరు. గొర్రె ఒంటిమీద గాటు పడకుండా, ఎత్తుపల్లాలు లేకుండా కత్తిరిస్తాడు. హెచ్చుతగ్గులుంటే ఆయనకు అన్నం సయించదు. నేను కుంచెలన్నీ శుభ్రంగా కడిగి, నీడలో మంచం మీద తువ్వాల పరిచి వరుసగా పడుకోబెట్టి, మర్నాటి చీర ఇస్త్రీ చేసుకోవడానికి లోపలికి పోయాను. తిరిగొచ్చేసరికి కుంచెలన్నిటికీ ఒకే తీరు క్రాపు. సూదిమొన కుంచెకూ మొన లేదు, ఏటవాలు కుంచెకూ వాలు లేదు. చిన్నాయన కత్తెర చేతిలో పట్టుకుని మెప్పు కోసం చూస్తున్నాడు.

"ఎట్లపడితె అట్ల పెరిగినయ్ బిడ్డా. రేపు పెద్ద బడికి పోతున్నవ్ గదా, అన్నీ సమానం జేసిన."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. మళ్లీ మొలుస్తాయిలే అని నాయనమ్మ ఓదార్చింది. ఇవి మొలిచే బొచ్చు కాదని నేను అరిచాక గానీ చిన్నాయనకు జరిగింది అర్థం కాలేదు. కత్తెర కింద పెట్టేశాడు. మిగిలిన గొర్రెలు ఆ పూట సగం క్రాపుతోనే తిరిగాయి. నాయన మిర్యాలగూడలో కుంచెలమ్మే దుకాణానికి ఫోన్ చేస్తే ఆదివారం మూసేశామన్నారు, పొద్దున వాళ్లు తెరిచేలోపు నా బస్సు సూర్యాపేట చేరిపోతుంది.

తెల్లవారి బస్సు దగ్గరికి చిన్నాయన కూడా వచ్చాడు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆయన జేబులోంచి గుడ్డలో చుట్టిన ఒక కుంచె తీసి నా చేతిలో పెట్టాడు. సన్నటి వెదురుపుల్ల, దాని చివర నల్ల గొర్రెపిల్ల వెంట్రుకలు, దారంతో గట్టిగా కట్టు. "సబ్బు పెట్టి కడిగిన. నువ్వు జెప్పినట్టే పండవెట్టి ఆరవెట్టిన," అన్నాడు. నా నియమాలు ఇంట్లో ఒక్కరైనా విన్నారని నాకు అప్పుడే తెలిసింది. కుంచెను మళ్లీ గుడ్డలో చుట్టి సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకున్నాను. ఆయన కూడా బస్సెక్కి నా వెనక సీట్లో కూర్చున్నాడు.

క్లాసులో మొండి కుంచెలతో నెమలి ఒళ్లు బాగానే కుదిరింది. ఈకలకు చిన్నాయన కుంచె తీశాను. గీత సన్నగా, తీరుగా వచ్చింది, అబద్ధమాడను. కాకపోతే ప్రతి గీతకూ ఒక వెంట్రుక అంటుకుపోయింది. ముందు వరుసలో ఒక పిల్ల లేచి, "టీచర్, నెమలికి మీసాలొస్తున్నయ్," అంది. గోటితో తీయబోతే నీలిరంగు మెడదాకా పాకింది. క్లాసు క్లాసంతా పకపకా నవ్వింది. ఇక దాచి లాభం లేదని ఆ వెంట్రుకలు ఎవరివో చెప్పేశాను. ఆ గొర్రెపిల్ల పేరేంటి, దానికి చలి పెట్టదా అని ప్రశ్నల మీద ప్రశ్నలు. నెమలికి కాళ్లు రాకముందే గంట కొట్టారు. వెనక కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్ నవ్వలేదు. ఫోన్ చేస్తామన్నారు. ఆ మాటకు అర్థమేమిటో ఉద్యోగాలకు తిరిగినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

గేటు దగ్గర చిన్నాయన నిలబడే ఉన్నాడు. ఉద్యోగం సంగతి అడగలేదు. "వెంట్రుకలు గిట్ల ఊడలే గదా?" అన్నాడు.

ఆ మొహం చూశాక నిజం నోట్లోంచి రాలేదు. "ఒక్కటి గూడ ఊడలే చిన్నాయనా. ఫోన్ జేస్తమన్నరు," అన్నాను. ఆయన సంతోషంగా చెరుకురసం తాగించాడు.

ఫోన్ రాలేదు. నేను మిల్లులో చేరి, లారీ నంబర్లు కొట్టుకుంటూ, దగ్గుకుంటూ ఉండగా మరుసటేడు కోదాడలో ఒక బడి నుంచి పిలుపొచ్చింది. సూర్యాపేటవాళ్లే కోదాడవాళ్లకు నా గురించి చెప్పి ఉంటారని చిన్నాయన తేల్చేశాడు. తన కుంచెతోనే పిల్లకు నౌకరీ వచ్చిందని ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుంటాడు. నేను కాదనలేదు.

ఇప్పుడు కోదాడ పిల్లలకు అవే నియమాలు వినిపిస్తున్నాను. వాళ్లు "అలాగే టీచర్" అని మర్యాదగా తలూపి, కుంచెల్ని గ్లాసులో తలకిందులుగా వదిలేసి పోతారు. వాళ్లు వెళ్లాక అన్నీ నేనే కడుగుతాను. అన్నిటికంటే చివర బీరువాలోంచి ఆ వెదురు కుంచె తీస్తాను. ఆ సోమవారం తర్వాత దానికి రంగు తగల్లేదు కాబట్టి మొదటి రుద్దుకే నురగ తెల్లగా వస్తుంది. అయినా ఇంకాసేపు రుద్దుతాను. మురికి లేని కుంచెను ఇంత శ్రద్ధగా కడిగే టీచరమ్మను చూస్తే నాకే నవ్వొస్తుంది. నిన్న కూడా ఒక వెంట్రుక అరచేతికి అంటుకుంది. సాయంత్రం ఫోన్‌లో చిన్నాయన ఎప్పటిలాగే అడిగాడు. ఒక్కటి కూడా ఊడలేదని చెప్పాను.