మేక ఆచూకీ కోసం చిత్తూరు దాకా

మేక ఆచూకీ కోసం వడమాలపేట నుంచి చిత్తూరు వెళ్లిన ఇంగ్లీషు మాస్టరు బహుశా నేనొక్కడినే.

అవి టేప్ రికార్డర్ల రోజులు. ఇంగ్లీషు నేర్పడానికి పై ఆఫీసువాళ్లు కొత్త పద్ధతి తెచ్చారు. ఒకే కథను సగం క్యాసెట్టులో వినాలి, మిగతా సగం బొమ్మల చార్టుల్లో చూడాలి. దివ్యంగా ఉంది. పంచేటప్పుడు మాత్రం ఎవరికీ అన్యాయం జరగకూడదని క్యాసెట్టు మా బడికి, చార్టులు చిత్తూరు దగ్గరి ఇంకో బడికి ఇచ్చారు. క్యాసెట్టులో రాణి అనే అమ్మాయి పెంచుకునే మేక తప్పిపోయింది. ఎక్కడుందో బొమ్మల్లో చూడండని చెప్పి టేపు ఆగిపోయింది.

రెండేళ్లుగా నా క్లాసులో నోరు విప్పని గౌరి అప్పుడు లేచి, "సార్, వేర్ ఈజ్ గోట్?" అంది. సోమవారానికి జవాబు తేకపోతే ఆ నోరు మళ్లీ మూతపడుతుందని నాకు భయం వేసింది.

శనివారం ఉదయం ఆరున్నరకు బస్సెక్కాను. ఏడున్నరకు తిరుపతి. బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. అక్కడ రెండోసారి అడిగితే చట్నీ పేరుతో నీళ్లు పోస్తారు, వెళ్లేవాళ్లు మొదటిసారే ఎక్కువ వేయించుకోండి. ఎనిమిదింటికి చిత్తూరు బస్సు. పక్క సీట్లో కొండ దిగివస్తున్న పెద్దాయన, గుండు నిండా చందనం. ఎందుకు పోతున్నావని అడిగితే కథంతా చెప్పాను.

"ఇంతకీ మేక యాడుండాది?"

"తెలీదు పెద్దాయనా. దానికోసమే పోతున్నా."

"మరి సగం కత ఎందుకు సెప్పినావప్పా?" పూతలపట్టులో దిగుతూ కూడా తిట్టాడు.

పదిన్నరకు బడి చేరాను. అక్కడి టీచరమ్మ చార్టులు ఇవ్వనంది. "మేక ఎండిపోయిన బాయిలో ఉండాదని మా పిల్లోళ్లకు తెలుసు సార్. అది ఎవురిదో తెలీక వారం నుంచి నన్ను తింటా ఉండారు."

క్లాసులోకి వెళ్లి రాణి సంగతి, గౌరి అడిగిన సంగతి చెప్పాను. గది హోరెత్తిపోయింది. చెప్పకుండానే అందరూ కాగితాలు చించి గౌరికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు.

రెండింటికి తిరుగు బస్సు. తప్పులు దిద్దుదామని ఎర్రపెన్ను తీసి మొదటి ఉత్తరం చూశాను. "డియర్ గౌరి, గోట్ ఇన్ వెల్. నో వాటర్. నాట్ డెడ్. డోంట్ క్రై." పెన్ను జేబులో పెట్టేశాను. ఆఫీసువాళ్లు కథను సరిగ్గా పంచి ఉంటే ఈ ఉత్తరం పుట్టేదే కాదు.

పూతలపట్టులో గుండు పెద్దాయన టీ అంగడి దగ్గరే ఉన్నాడు. కిటికీలోంచి అరిచాను. "పెద్దాయనా, మేక బావిలో ఉంది!"

ఆయన గ్లాసు పక్కన పెట్టి బస్సు వెంట నాలుగడుగులు వేశాడు. "బతికే ఉండాదా?"

"ఉంది!"

"ఆ పాపకు బిన్నా సెప్పుపో, ఆలస్యం సేయొద్దు!"

ముప్పై ఉత్తరాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సోమవారం నుంచి గౌరి నోరు మూయించడం ఇక నా తరం కాదు.