మా బావ మీద కేసులు

మా అక్క ఫోన్ చేసేసరికి నేను విజయనగరంలో మా కాలేజీ స్టాఫ్ రూములో అన్నం డబ్బా మూత తీస్తున్నాను. చేతికి ఆవకాయ నూనె అంటిందని స్పీకరు నొక్కాను. అదే నేను చేసిన బుద్ధితక్కువ పని.

“ఒరే తమ్ముడా, మీ బావ కేసులు ఒక్కటీ నిలబడ్డం లేదురా. అన్నీ పాడయిపోతన్నాయి. నువ్వోపాలి రావాల,” అంది, గదిలో అందరికీ వినబడేలా.

ఫోన్ పెట్టేలోపే చరిత్ర మేష్టారు తనకు తెలిసిన ప్లీడరు నంబరు కాగితం ముక్క మీద రాసి నా డబ్బా పక్కన పెట్టారు. లెక్కల మేడం “భూమి తగాదాలా, కొట్లాటలా?” అని ఎంతో దయగా అడిగారు. పక్కవాడికి కష్టం వచ్చిందంటే మనవాళ్లకి ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది.

నిజానికి మా బావ మీద ఏ కేసూ లేదు. బొబ్బిలి అవతల వరీ మొక్కజొన్నా పండించుకునే రైతు. ఆయనకి లైసెన్సు ఉన్న రైఫిలు ఒకటుంది, దానితో గురిపోటీలకు వెళ్తాడు. తూటా పేలాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని షూటర్లు కేసు అంటారు. మా బావ వెళ్లే క్లబ్బుకి ఆ కేసుల్ని పారేయకుండా శుభ్రం చేసి, మళ్లీ మందూ గుండూ నింపుకునే అనుమతి ఉంది. అందుచేత ఊళ్లో ఆయనకి ఒక పేరుంది: మందు తాగడు, కూరుతాడు.

రైఫిలు సరదా ఆయనకి నడివయసులో పట్టుకుంది. మోకాళ్లు అరిగిపోయి మడిలో దిగలేని రోజులొచ్చాయి. గట్టు మీద కుర్చీ వేసుకుని కూలీల మీద అరవడం తప్ప చేసే పని లేదు. అరవడానికి మా అక్క ఉండగా ఇంట్లో ఇంకొకరి అవసరం లేదు. కాల్పుల రేంజిలో మాత్రం బోర్లా పడుకుని కాల్చాలి, అక్కడ మోకాళ్ల పూచీ లేదు. “ఈ ఒళ్లు ఇంకా దేనికో పనికొస్తన్నాదని నాకు అక్కడే తెలస్తాదిరా,” అని ఒకసారి అన్నాడు. వెటకారం తప్ప మరో భాష రాని మనిషి అన్న మాట అది.

సరే, ఆ కేసులకు వచ్చిన రోగం ఏమిటంటే, మూతి దగ్గర సన్నగా నిలువునా చీలుతున్నాయి. పేల్చాక చీలితే అది వాటి ఆయుష్షు అనుకోవచ్చు. ఇవి నింపి పెట్టెలో దాచినవి దాచినట్టే, ఎవరూ ముట్టకుండా చీలిపోతున్నాయి. ఒక ఆదివారం చీలిక కంటికి ఆనని తూటా ఒకటి రైఫిల్లోకి వెళ్లింది. వేడి గాలీ మసీ వెనక్కి తన్నాయి. కళ్లజోడు ఉంది కాబట్టి కన్ను దక్కింది. చెంప మాత్రం అట్లకాడతో వాత పెట్టినట్టయింది.

ఆ చెంపతో ఇంటికి వెళ్లాడు. మా అక్క చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. “ఇంకొక్కటి పగిలిందంటే ఆ తుపాకీ ఠాణాలో ఇచ్చీసి రావాల. నానేటి సెప్పినానో ఇనబడిందా?” అంది. మా అక్క గొంతు తగ్గించి మాట్లాడిందంటే ఇక దానికి అప్పీలు లేదు. దసరా వెళ్లాక పెద్ద వయసు వాళ్ల పోటీ ఒకటి ఉంది, దానికోసం బావ ఏడాదిగా కాచుకుని ఉన్నాడు. కేసులు ఎందుకు పగులుతున్నాయో ఈలోగా తేలకపోతే పోటీ లేదు, రైఫిలూ లేదు, మళ్లీ గట్టు మీద కుర్చీయే.

ఆ తేల్చే పని నాకు పడింది. నేను చెప్పేది తెలుగు. ఇత్తడికీ నాకూ ఉన్న బంధుత్వం ఇంట్లో దీపపు కుందుల వరకే. అయినా కాలేజీలో పాఠం చెప్పేవాడికి అన్నీ తెలుస్తాయని మా వైపు ఒక నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనూ ఎప్పుడూ ఖండించలేదు, గౌరవం ఎవరికి చేదు?

నేను వెళ్లేటప్పటికే వైద్యులు చాలామంది ఉన్నారు. బావ మాట: “ఇత్తడి కల్తీరా. ఈ రోజుల్లో పాలే సరిగ్గా లేవు, ఇత్తడెక్కడ బాగుంటాది?” అమ్మే మనిషిని మార్చాడు. కొత్తవీ పగిలాయి. క్లబ్బులో శిక్షణ ఇచ్చే మాజీ సైనికుడి మాట: కేసు మూతిని మళ్లీ మళ్లీ సాగదీసి బిగిస్తే గట్టిపడి పెళుసవుతుంది, పద్ధతిగా కాక పెట్టి మెత్తబరచాలి. క్లబ్బులో యంత్రం మీద ఆయనే ఆ పని చేయించాడు. అవీ పగిలాయి. పక్కింటి పెద్దాయన మాట: దిష్టి. మసి చెంపేసుకుని కర్ర ఊతతో నడిచే మా బావకి ఎవరు దిష్టి పెడతారో ఆయన చెప్పలేదు.

ఇక నా వంతు. బావ కేసులు తోమే తీరు చూశాను. చింతపండు, నౌపడ ఉప్పు కలిపి, పూజ సామాను తోమినట్టు తళతళలాడేలా తోముతున్నాడు. దొరికింది దొంగ అనుకున్నాను. పులుపు ఇత్తడిని తినేస్తోందని, పచ్చడి పెట్టాల్సిన సరుకంతా తుపాకీకి పెడుతున్నాడని నిండు సభలో తీర్పు చెప్పాను. సభ అంటే బావ, అక్క, వాకిట్లో ఒక దూడ. బావ చింతపండు మానేసి, క్లబ్బువాళ్లు చెప్పిన పొడితో తోమడం మొదలుపెట్టాడు. తోమిన కేసుల్ని పాత పొందూరు పంచె ముక్కతో తుడిచి, క్లబ్బులో నింపాక ఇంటికి తెచ్చి, అదే పంచె ముక్కలు పరిచిన, తాళం వేసే ఇనప పెట్టెలో పేర్చేవాడు. కేసులు నా తీర్పును ఏమాత్రం పట్టించుకోకుండా హాయిగా పగిలాయి.

“తెలుగు మేష్టారివి తెలుగు సెప్పుకోక నీకెందుకురా ఈ ఇత్తడి బేరం?” అన్నాడు బావ. ఉన్నమాట కాబట్టి ఉలుకు వచ్చింది.

అయితే ఆ రోజే ఒక సంగతి నా బుర్రకెక్కింది. ఒకే చేతితో, ఒకే పూట నింపిన వాటిలో క్లబ్బు అలమరలో ఉంచినవి శుభ్రంగా ఉన్నాయి. ఇంటికి తెచ్చిన పెట్టెలోవే పగులుతున్నాయి. అంటే రోగం కేసుల్లో లేదు, ఇంట్లో ఉంది. ఇంట్లో ఉన్నది మా అక్క. ఈ ముక్క పైకి అనేంత ధైర్యం నాకు లేదు.

దసరాకి ముందు శుక్రవారం కాలేజీకి సెలవు పెట్టి చెప్పకుండా వెళ్లాను. బావ పొలానికి వెళ్లాడు. మా బావ తన కళ్లజోడే తాను వెతుక్కోలేడు, తాళంచెవి దాచాడంటే అది మా అక్కకి తెలియకుండా ఉంటుందా? దేవుడి గదిలో పెట్టె మూత తీసి ఉంది. అక్క తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, చేతిలో చెంబుతో కూర్చుంది. మామిడాకు ముంచి తూటాల మీద, కింద పరిచిన పంచె ముక్కల మీద చిలకరిస్తోంది. గది గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కుపుటాలు అదిరే ఘాటు. పశువుల సాలలో తెల్లారగట్ల వచ్చే ఘాటు అది.

“ఏటి సేస్తన్నావక్కా?”

“సూస్తన్నావు కదా. పంచితం.”

పంచితం అంటే ఆవు మూత్రం. ఏ మైల పోవాలన్నా, ఏ కీడు తొలగాలన్నా మా ఇళ్లలో ముందు అదే.

“ఎన్నాళ్ల నుంచి?”

“ఆయన ఇవి ఇంట్లో పెట్టడం మొదలెట్టిన కాణ్నించీ, శుక్రవారం శుక్రవారం. మందుగుండురా ఇది, ఆటబొమ్మలు కావు. దేవుడి కంట్లో పడితే నా మనిషికి ఏటీ కాదని. మొదట్లో ఓ సుక్క సల్లేదాన్ని. పగలడం మొదలయినాక బాగా సల్లతన్నాను. ఆ మసి సెంప సూసినాక మరీ తడిపీసి మూత బిగించీస్తన్నాను. మీ బావకి సెప్పకు, నవ్వుతాడు.”

చెప్పనని మాటిచ్చి పెరట్లోకి వెళ్లాను. మా కాలేజీ కెమిస్ట్రీ ఆయనకి ఫోన్ చేశాను, ఈసారి స్పీకరు నొక్కకుండా. ఆయన నవ్వాపుకోలేక చెప్పిందేమిటంటే, నిలవున్న మూత్రంలోంచి అమ్మోనియా వస్తుంది, మూతిలో గుండు బిగించి ఉన్న ఇత్తడికి ఆ ఆవిరి తగిలితే దానంతటదే చీలుతుంది. పాత రోజుల్లో గుర్రపుసాలల దగ్గర దాచిన తూటాలు వానాకాలంలో ఇలాగే పగిలేవట. పగిలినకొద్దీ మా అక్క పంచితం పెంచింది, పెంచినకొద్దీ అవి పగిలాయి. ఇంత నిష్ఠగా జరిగిన పూజ నేను మరొకటి చూడలేదు.

అక్కకి చెప్పాను. వెటకారం లేకుండా చెప్పడం నాకు అలవాటు లేని పని, అయినా చెప్పాను.

“అంటే ఆ సెంప నేను కాల్సిందేనేటిరా?” అంది.

“కాదక్కా” అన్నాను.

మా అక్క ఆ పూట ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే చాలు. ఇంకొక్కటి పగిలేది, రైఫిలు ఠాణాకి పోయేది, ఆమె కోరుకున్నది అదే. ఆమె లేచి చెంబు పట్టుకెళ్లి పెరట్లో మల్లె మొదట్లో పోసేసింది. ఆ తూటాలన్నీ ఇంక కాల్చకుండా క్లబ్బుకి తిప్పి పంపమని, చెమ్మ పట్టాయని చెప్పమని నాకు పని పెట్టింది. పంచె ముక్కలు తీసి ఉతికింది, పెట్టె ఎండలో పెట్టింది.

తర్వాత ఒక్క కేసూ పగల్లేదు. దసరా వెళ్లింది, పోటీ దగ్గరకొచ్చింది. నేను గెలిచిన సేనాపతిలా వెళ్తే బావ గట్టు మీద కుర్చీలో దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

“ఏం బావా? కేసులు కొట్టేశారు కదా, పండగ చేసుకోవాలి గానీ.”

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “మీ అక్క పంచితం సల్లడం మానీసిందిరా.”

“నీకు తెలుసా?”

“నాకు ముక్కు లేదనుకున్నావేటిరా? పెట్టె తీసినప్పుడల్లా పశువులసాల వాసన. దాని తృప్తి దానిదని ఊరుకున్నాను. ఆ మసి పడ్డ కాణ్నించీ అది నాతో సరిగ్గా మాటాడ్డం లేదు. అయినా శుక్రవారం వాసన వచ్చేది, పర్లేదులే అనుకునీవోణ్ని. ఇప్పుడు అదీ లేదు.” కర్రతో గట్టు మట్టి గీరాడు. “నా మీద ఆశ ఒగ్గీసిందేటిరా?”

“కేసులు పగలడం లేదు కదా బావా,” అన్నాను.

“పగిలితే పగిలేయిరా,” అన్నాడు.

బావకి జరిగిందంతా చెప్పి అక్కకిచ్చిన మాట అక్కడే తప్పాను, ఇంటికి వెళ్లి బావ అన్న మాట అక్కకీ చెప్పాను. “ముసిలోడికి ముక్కు పనిసేస్తాదని నాకేటి తెలుసు,” అని నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్లకి ఒత్తుకుంది.

ఆ శుక్రవారం పెట్టె మూత మీద, బయటివైపు, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. బావ దాన్ని చెరగనివ్వకుండా పోటీకి ఒళ్లో పెట్టుకుని వెళ్లాడు.