విడుపులేని మండలం

నరసన్నపేట బజారులో పచారీ దుకాణం నడిపే ఆనంద్‌కుమార్ భార్య సింధూరికి నెలసరి ఏనాడూ సక్రమంగా వచ్చేది కాదు. 2014 వేసవిలో శ్రీకాకుళం డాక్టరమ్మ స్కానింగు చూసి, అండాశయాలలో నీటిబుడగలున్నాయనీ, పిల్లల మాట తరవాత, ముందు నెలసరి దారికి రావాలనీ చెప్పి హార్మోను మాత్రలు రాసింది. ఇరవై ఒక్క రోజులు వేసుకోవాలి. ఏడు రోజులు ఆపాలి. ఆ విరామంలో నెలసరి వస్తుంది.

వచ్చింది కూడా. కానీ రెండవ నెల నుంచి సింధూరిలో మరొకటి అణగిపోయింది. భర్త చేయి భుజంపై పడితే పూర్వం ఒళ్లంతా వెచ్చబడేది. ఇప్పుడా చేయి తలగడపై పడినట్టే ఉండేది. అతనిపై ప్రేమ ఇసుమంతైనా తగ్గలేదు. అతడు తినకపోతే ఆమెకు ముద్ద దిగదు. కోరిక మాత్రం లేదు.

"నానేటి తప్పు సేసేనే?" అని ఆనంద్ అడిగాడు.

"నువ్వేటీ సేయనేదు బావా." అంది సింధూరి. మాత్రల మీద అనుమానమున్నా, అడుగుదామంటే డాక్టరమ్మ గదిలో పక్కనే అత్తగారు కూర్చునేది. అతడు అటు తిరిగి పడుకోసాగాడు.

అత్తగారు కన్యకాపరమేశ్వరి సింధూరికి సొంత మేనత్తే. శొంఠి, పిప్పళ్లు, కరక్కాయలు నలభై ఏళ్లు తూచిన మనిషి. మూడు నెలలైనా కోడలు కడుపు పండలేదని, మాత్రల పట్టీలు తన చేతిలోకి తీసుకుంది. రోజూ దుకాణంలో బోణీ కాకముందే కోడలి నోట్లో మాత్ర వేసేది.

"అత్తా, ఏడు రోజులు ఆపమన్నాది డాక్టరమ్మ."

"దానికేటి తెలుసే? మండలం రోజులు, నలభై రోజులూ, ఇడవకుండా తింటేనే ఏ మందైనా పన్సేస్తాది. నోరు తెరు."

విరామం లేక నెలసరి రాలేదు. యాభయ్యో రోజున దుకాణంలో, కొనేవాళ్ల ఎదుటే, అత్తగారు బెల్లం చెక్క విరిచింది.

"ఓలమ్మా, మండలం పండిందర్రా! మా సింధూరి నెల తప్పీసినాది. శ్రీకూర్మం ఎల్లి మొక్కు సెల్లించాల."

"అది కాదత్తా, మాత్రలు ఆపనేదు కాబట్టి..." అంటూ ఉండగానే బెల్లం నోట్లో పడింది. "సిగ్గుపడకే!"

పప్పు కోసం వచ్చిన రైతు అప్పలసూరి నవ్వాడు. "ఆనందు బావూ, ఈ సుబవార్తకి గుప్పెడు ఎక్కువ తూసీయండి మరి."

ఆనంద్ చేతిలో తక్కెడ ఆగిపోయింది. మూడు నెలలుగా తామిద్దరి మధ్య ఏమీ లేదని ఆ దుకాణంలో ఇద్దరికే తెలుసు. అతడు భార్య వైపు చూశాడు. ఆ చూపు ఏమడిగిందో ఆమెకు అర్థమైంది.

"బావా, ఒకపాలి లోపలికి రా. సెప్తాను."

"బేరమున్నాది" అన్నాడతడు, పప్పు వైపు తల దించి.

ఆ రోజంతా బేరాలున్నాయి. మరునాడు తెల్లవారగానే అత్తగారు మళ్లీ మాత్ర తీసింది. "ఫలించిన మందు మధ్యలో ఆపకూడదే. నోరు తెరు."

ఆనంద్ వీపు ఇటు పెట్టి దుకాణం షట్టరు ఎత్తుతున్నాడు. అతడు తిరిగి చూస్తాడేమోనని సింధూరి క్షణం ఆగింది. షట్టరు పూర్తిగా పైకి లేచింది.

ఆమె నోరు తెరిచింది.