రిజిస్ట్రార్ గారి గదిలో నా వాకౌట్

నేను జీవితంలో ఒక్కసారే వాకౌట్ చేశాను. ఆ ఒక్కటీ ఎంత ఘోరంగా చేశానంటే, ఇప్పటికీ మా యూనియన్ మీటింగులో ఎవరు కుర్చీలోంచి లేచినా అందరూ ముందు నా వైపే చూసి నవ్వుతారు. మీరూ నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే చివరిదాకా చదివి నవ్వండి.

మాది కలకత్తా. మా తాతగారు శ్రీకాకుళం నుంచి రేవులో పనికి వచ్చి మెటియాబ్రుజ్‌లో ఉండిపోయారు. నేను ఒక ప్రైవేటు యూనివర్సిటీలో లెక్కలు చెబుతాను, కాంట్రాక్టు మీద. ఆ కాంట్రాక్టు వేసవి సెలవులు రాగానే తెగుతుంది, సెలవులవగానే మళ్లీ అతుక్కుంటుంది. మధ్యలో మేం యూనివర్సిటీకి ఏమీ కాము. ఏటా తిట్టుకుంటూనే మామిడిపళ్లు తింటూ కాలక్షేపం చేసేవాళ్లం. కానీ ఆ ఏడు మా కెమిస్ట్రీ మౌసుమికి వానాకాలంలో పురుడు. వేసవిలో కాంట్రాక్టు తెగితే ఆమె మళ్లీ కొత్తగా చేరినట్టు లెక్క. కొత్తగా చేరినవాళ్లకి ప్రసూతి సెలవు లేదు.

"బిడ్డని కని మర్నాడే ల్యాబ్‌కి రావాలా, రాజు దా?" అని నన్నడిగింది. దా అంటే ఇక్కడ అన్నయ్య. లెక్కల మాస్టార్ని కదా, నెలలు వేళ్ల మీద లెక్కేశాను, ఎలా వేసినా అంతే తేలింది. చాలా బాధేసింది.

అందుకే యూనియన్ యాజమాన్యంతో చర్చలకు దిగింది. కోరిక ఒక్కటే: ఎవరి కాంట్రాక్టూ మధ్యలో తెగకూడదు. మా కార్యదర్శి తపన్ దా మౌసుమితో పాటు నన్నూ బృందంలో వేసుకున్నారు. నా ప్రతిభ చూసి అనుకునేరు! రిజిస్ట్రార్ గారు హైదరాబాద్ నుంచి వచ్చిన తెలుగాయన.

"ఆయన ఫోనులో తెలుగులో ఏం మాట్లాడతాడో నువ్వు విను. నీ నోరు మాత్రం విప్పకు," అన్నారు తపన్ దా. "మాటలు కుదరకపోతే నేను కళ్లజోడు తీసి కుర్తా అంచుతో తుడుస్తాను. అదే సైగ. అందరం లేచి వాకౌట్ చేసేద్దాం."

"నినాదం ఇవ్వొచ్చా దాదా?"

"ఒకటి ఇవ్వు. మర్యాదగా."

చర్చలు రిజిస్ట్రార్ గారి గదిలోనే. బయట కారిడార్ నిండా మా టీచర్లు బైఠాయించారు. లోపల ఏసీ గడ్డకట్టిస్తోంది. వేడివేడి టీలు వచ్చాయి. రిజిస్ట్రార్ గారు కప్పు మీద కప్పు లాగిస్తున్నారు. నేను టీ ముట్టలేదు, మాటలు వినలేదు. తపన్ దా కళ్లజోడునే చూస్తూ కూర్చున్నాను, పాలు పొంగుతాయేమోనని పొయ్యి దగ్గర కాపలా ఉన్నవాడిలా.

"మౌసుమి గారి విషయం మేమూ ఆలోచించాం..." అని రిజిస్ట్రార్ గారు మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే తపన్ దా టీ కప్పు ఎత్తారు. ఆవిరికి అద్దాలు మసకబారాయి. పాపం, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నేను లేచాను. నా కుర్చీ వెనక్కి పడింది. "చొల్బే నా!" అని గర్జించాను. అంటే కుదరదని. ఈ ఊళ్లో పుట్టిన పిల్లలు అమ్మా అన్న తర్వాత నేర్చుకునే మాట అదే. పిడికిలి పైకెత్తి, వెనక్కి చూడకుండా, తలుపు తీసుకుని వెళ్లి, ధడాలున వేసి, అలవాటు కొద్దీ గడియ కూడా పెట్టాను.

బయటికి వెళ్లేవాడు గడియ ఎందుకు పెడతాడని మీకు అనుమానం రావాలి. నాకు ఎదురుగా అద్దం కనబడ్డాక వచ్చింది. అద్దం కింద వాష్‌బేసిన్. పక్కన బకెట్టు. చర్చల గదికి ఒకేలాంటి తలుపులు రెండున్నాయి. నేను వాకౌట్ చేసింది రిజిస్ట్రార్ గారి బాత్రూంలోకి.

మిగతావాళ్లు నా వెనకే వస్తారని ఇంకా చిన్న ఆశ. ఎవరూ రాలేదు. వాళ్లు రాకపోవడమే మంచిదైంది, అందులో అంతమందికి చోటు లేదు.

తలుపు అవతల రిజిస్ట్రార్ గారి గొంతు లేచింది. "కుదరదట! అయితే ఇద్దామనుకున్నది కూడా ఇవ్వం. ఇక దయచేయండి."

"అతని ఉద్దేశం అది కాదు సార్," అని మౌసుమి బతిమాలుతోంది.  ఆ అమ్మాయి నోటిదాకా వచ్చిన కూడు నేను నేలపాలు చేశాను. బకెట్టు బోర్లించి దానిమీద కూలబడ్డాను.

కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. "రాజు గారూ, దయచేసి బయటికి రండి." రిజిస్ట్రార్ గారే, శుద్ధమైన తెలుగులో.

ఆ కంగారులో నాకు మా ఇంటి భాషే వచ్చింది. "ఎలాగొస్తాను బాబూ? సిగ్గుతో సచ్చిపోతన్నాను. ఏ మొకం పెట్టుకుని సూడను?"

"సిగ్గు తర్వాత పడుదురుగాని. నాకు అర్జంటు."

"మౌసుమికి ఇస్తామన్న మాట ఎనక్కి తీసుకోకండి బాబూ. తప్పు నాది. ఆ పిల్లకేటి తెలుసు?"

"జల్ది తియ్యండి సారూ, ఆగుతలేదు నాకు!" ఆయనకీ ఇంటి భాషే వచ్చేసింది. కారిడార్లోకి పోదామంటే అక్కడ మా జనం. నేను బెదిరించానని మీరనుకుంటే పాపం చుట్టుకుంటుంది. నేను నిజంగానే కాళ్లావేళ్లా పడుతున్నాను, తలుపు మూసి ఉంది, అంతే.

"మౌసుమికి ఇస్తారా బాబూ?"

"ఇస్తా అంటున్న గదా!"

"అందరికీ తెలిసేలాగ బెంగాలీలో సెప్పండి!"

"మౌసుమికే దేబో! దేబో! దేబో!" అని ఆయన బిల్డింగు అదిరేలా అరిచారు. అంటే మౌసుమికి ఇస్తానని. గడియ తీశాను. ఆయన నన్ను తోసుకుంటూ లోపలికి దూసుకుపోయారు.

గదిలో అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మా తెలుగు ఒక్కరికీ అర్థం కాలేదు. "ఏం మంత్రం వేశావు రాజూ?" అని తపన్ దా నన్ను కౌగిలించుకున్నారు. మౌసుమి ఏడుస్తూ నవ్వింది. ఆ సాయంత్రమే ఆమెకు మధ్యలో తెగని కాంట్రాక్టు మీద సంతకమైంది. మిగతావాళ్ల సంగతి పై ఏడు చూద్దామన్నారు. నేను వీరుణ్నైపోయాను.

మౌసుమి కూతురి అన్నప్రాశనకు భవానీపూర్ వెళితే, పంక్తిలో రిజిస్ట్రార్ గారు నా పక్కనే కూర్చున్నారు. పాయసం తింటూ తెలుగులో మెల్లగా అన్నారు. "ఆ రోజు మీరు నా మాట పూర్తి కానివ్వలేదు."

"ఏ మాట సార్?"

"మౌసుమి గారి విషయం మేమూ ఆలోచించాం, ఒక్కరికిస్తే బాగుండదు కాబట్టి టీచర్లందరికీ తెగని కాంట్రాక్టు ఇచ్చేస్తున్నాం, అని చెప్పబోయాను. పైవాళ్లు ఒప్పేసుకున్నారు కూడా. మీరేమో తలుపు వెనకనుంచి ఆమె ఒక్కరి పేరే అడిగారు. అడిగినదానికంటే ఎక్కువ ఎవరిస్తారండీ?"

నేను పాయసం గిన్నె పక్కకి జరిపేశాను.

కనుక ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఎదుటివారి మాట పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవను, గది తగలబడుతున్నా సరే. ఈ సంగతి తపన్ దాకు చచ్చినా చెప్పను. ఆయనకు తెలుగు చదవడం రాదు కాబట్టే ఇంత ధైర్యంగా రాశాను. మీలో బెంగాలీ వచ్చినవాళ్లెవరైనా ఉంటే దయచేసి నోరు మెదపకండి. ఈ వేసవికి కూడా నా కాంట్రాక్టు తెగింది, యూనియన్ తప్ప నాకు దిక్కు లేదు.